ఆముదం రాసిన టైర్లు

మా పెద్దమ్మ ఇంటికి చక్రాలు ఉండేవి. ఈ మాట చెప్తే చాలు, ఆఫీసులో అందరూ "అబ్బ, సో క్యూట్" అంటారు. క్యూట్ అంట. ఆ చక్రాలతో, ఆ చక్రాల మీదుండే నేలతో ఒక ఎండాకాలం కొట్లాడింది నేను. వాళ్ళల్లో ఎవరినైనా ఒక్కరోజు నా బదులు నిలబెట్టి ఉంటే తెలిసేది.

పెద్దమ్మ అంటే మా మమ్మీకి అక్క. నర్సు. పెళ్ళి చేసుకోలేదు. కర్నూలు పక్క నుంచి ట్రైనింగుకని బెంగళూరు వచ్చి, రిటైరయ్యేదాకా ఒకే మిషన్ ఆస్పత్రిలో పని చేసింది. ఆ ఆస్పత్రికి జీపు వెనక తగిలించుకుని పోయే పాత ట్రెయిలర్ ఒకటి ఉండింది. పల్లెల్లో క్యాంపులు పెట్టినప్పుడు నర్సులు అందులో పడుకునేవాళ్ళు. ఒక మంచం, ఒక చెక్క అల్మారా, స్టవ్ పెట్టుకునే గట్టు, రెండు కిటికీలు, ఒక తలుపు. అంతే. క్యాంపులు ఆగిపోయినాక దాన్ని షెడ్డు వెనక పడేసినారు. పెద్దమ్మ రిటైరయ్యేటప్పుడు నీకేం కావాలని అడిగితే, శాలువా వద్దు, గోడ గడియారం వద్దు, ఆ బండి ఇయ్యండి అనిందంట. ఇచ్చేసినారు. పీడా పోయిందనుకుని ఉంటారు.

దాన్ని తెచ్చి కె.ఆర్.పురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల, తెలిసినాయన ఖాళీ సైటులో పెట్టుకుంది. మూలలో బాత్రూమ్ ఉండింది, బోరు నీళ్ళు ఉండినాయి, పక్కింటి నుంచి కరెంటు వైరు లాగినారు. నేను స్కూల్లో ఉండంగా వచ్చిన బండి, నేను కాల్ సెంటర్లో చేరినాక కూడా అక్కడే ఉండింది. ఒక్క అంగుళం కదల్లేదు.

చర్చిలో ఎవరైనా "సొంతవాళ్ళు ఇంతమంది ఉండంగా ఆ డబ్బాలో ఎందుకు సిస్టర్" అంటే పెద్దమ్మ ఒకటే చెప్పేది. "ఉద్యోగం చేసినన్ని రోజులూ హాస్టళ్ళలో, డ్యూటీ రూముల్లో పడుకున్నా. ఎప్పుడు చూసినా ఎవురో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళే. ఇప్పుడు నా తలుపు నాది. తట్టి రావాల."

ఊరికే చెప్పే మాట కాదు అది. నేను తట్టకుండా దూరితే నన్ను కూడా మళ్ళీ బయటికి పంపేది. చేతిలో వేడి కూర గిన్నె ఉన్నా సరే. బయటికి పోయి, తలుపు తట్టి, "ఎవురూ?" అని ఆమె అడిగి, "నేనే" అని నేను చెప్పి, అప్పుడు లోపలికి. కిటికీలో నుంచి నన్ను చూసినాక కూడా "ఎవురూ" అని అడుగుతుంది. పళ్ళు కొరుక్కునేదాన్ని.

అట్లాంటిది, ఆ సైటు ఓనరు వచ్చి అపార్ట్‌మెంట్ కడతాండామమ్మా, నెలాఖరుకి ఖాళీ చేయాల అని చెప్పినాడు. ఆ టైములో బెంగళూరులో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, రాత్రికి రాత్రి పునాది తవ్వేస్తున్నారు. ఆయన్ని అని లాభం లేదు.

పెద్దమ్మకి హెబ్బగోడిలో చిన్న సైటు ఒకటి ఉండింది. అక్కడ ఇల్లు కట్టే శక్తి లేదు గానీ, బాత్రూమ్ ఒకటి కట్టించి పెట్టుకుంది. బండిని లాక్కునిపోయి అక్కడ నిలబెడితే అయిపోయె అనుకుంది. డాడీ లెక్క వేరే. మా ఇంట్లో టీ తాగుతూ చెప్పేసినాడు.

"వదినా, ఆ డబ్బా ఇంక కదలదు. గుజరీవానికి వేసేద్దాం. నువ్వు మన ఇంటికి వచ్చేయ్. హాల్లో దివాన్ ఉండాది కదా."

గుజరీవాడంటే పాత ఇనుము కొనేవాడు. పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"హాలుకి తలుపు ఉండాదా అప్పా?"

"హాలుకి తలుపేంది వదినా?"

"అదే చెప్తాండా."

మమ్మీ ఇద్దరి మధ్యలో కూర్చుని బిస్కెట్ల ప్లేటు అటూ ఇటూ జరుపుతా ఉంది. చివరికి ఒప్పందం ఏంటంటే, నెలాఖరు లోపల బండి హెబ్బగోడి చేరితే పెద్దమ్మది. చేరకపోతే గుజరీవానిది. అందరూ తలలూపినారు. తర్వాత అందరూ కలిసి నన్ను చూసినారు.

"నువ్వెప్పుడూ ఆ ఫోన్లోనే ఉంటావు కదా పాపా," అన్నాడు డాడీ. "నాలుగు ఫోన్లు చేసి చూడు."

అప్పట్లో మా ఇంట్లో మొబైల్ ఉన్నది నాకొక్కదానికే. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చేదాన్ని. అమెరికా వాళ్ళ తిట్లు తెల్లారేదాకా విని, పగలు ట్రాక్టరు ఓనర్లకి ఫోన్ చేసి "ఇల్లు లాగుతారా" అని అడిగే పని నాది. సగం మంది ఫోన్ పెట్టేసినారు. ఒకడు "ఏం మేడమ్, పొద్దున్నే తాగినారా" అన్నాడు. వానికి మళ్ళీ ఫోన్ చేసి తిట్టి పెట్టేసినాను.

ముందు టైర్లు చూపించినాను. మా వీధి చివర పంక్చర్ షాపాయన వచ్చి, వంగి చూసి, కాలితో ఒక తన్ను తన్ని లేచినాడు.

"ఫస్ట్ క్లాస్ ఉండాది మేడమ్. గీతలు చూడండి, ఒక్కటన్నా అరిగిందా?"

నేను కూడా వంగి చూసినాను. నిజమే. గీతలన్నీ లోతుగా, కొత్త టైరుకి ఉన్నట్టే ఉన్నాయి. పక్కలు నల్లగా, షోరూమ్‌లో పెట్టినట్టు మెరుస్తున్నాయి. అన్నేళ్ళు ఒకేచోట నిలబడిన టైరు గీతలు ఎట్లా అరుగుతాయి అనే ప్రశ్న ఆయనకి రాలేదు, నాకూ రాలేదు. గాలి కొట్టినాడు. నిలబడింది. పెద్దమ్మ పక్కన నిలబడి తన పేషెంటు డిశ్చార్జ్ అవుతున్నట్టు మురిసిపోయింది.

"చూసినావా, నేనెట్లా చూసుకున్నానో?"

ఏదో మామూలుగా అంటోంది అనుకున్నాను. అప్పుడే "ఎట్లా చూసుకున్నావు పెద్దమ్మా" అని అడిగుంటే ఎంత బాగుండేది.

రెండ్రోజుల తర్వాత సామాను సర్దడానికి పోయినాను. తలుపు తట్టి, "ఎవురూ" అయిపోయినాక లోపలికి పోయినాను. అదే టైముకి ట్రాక్టరువాడు ఫోన్ చేసినాడు. శనివారం వస్తానన్నవాడు సోమవారం అంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం జోక్ చేస్తున్నారా" అని అరుస్తా, అల్మారా వైపు ఒక అడుగు వేసినాను.

కాలు కిందికి పోయింది.

కిందికి అంటే జారి కాదు. నేల లోపలికి, మోకాలు దాకా. ఫోన్ ఎగిరి మంచం కింద పడింది. నా చెప్పు బండి కింద మట్టిలో ఎక్కడో ఉంది, నేను బండి లోపల ఉన్నాను, ట్రాక్టరువాడు మంచం కింద నుంచి "హలో, హలో మేడమ్, సోమవారం ఓకేనా?" అంటున్నాడు.

పెద్దమ్మ పరిగెత్తుకుని వచ్చి ముందు నా కాలు చూసింది. నర్సు కదా. డెట్టాల్, దూది అన్నీ అయినాక నేల చూసింది.

"అయ్యో, ఇక్కడ కూడా మెత్తబడిందా?"

"ఇక్కడ కూడా అంటే? ఇంకా ఎక్కడెక్కడ పెద్దమ్మా?"

ఆమె చాప తీసింది. చాప కింద లినోలియం షీటు, పూల డిజైనుది. దాన్ని లాగినాను. కింద ఇంకొక షీటు, గళ్ళది. దాన్నీ లాగినాను. కింద ఇంకోటి. నేల ఎక్కడ మెత్తబడితే అక్కడ కొత్త షీటు పరుచుకుంటా వచ్చింది మహాతల్లి. అన్నిటి కింద ఉన్న ప్లైవుడ్డు టీలో మునిగిన రస్కులాగా ఉండింది. వేలు పెడితే దిగిపోయింది. అదొక వాసన, తడి గోనెసంచి వాసన.

"దీనికి ఏమైంది పెద్దమ్మా? వాన లోపలికి వచ్చిందా?"

"వానేం రాలేదు. నేనే కడుగుతాను కదా."

"ఏం కడుగుతావు?"

"ఇల్లు. శనివారం శనివారం. రెండు బకెట్లు పోసి, ఫినాయిల్ వేసి, చీపురుతో బరబరా..."

"చెక్క నేలని? నీళ్ళు పోసి?"

"మరి శనివారం ఇల్లు కడక్కుండా ఆదివారం చర్చికి ఎట్లా పోయేది? మీ మమ్మీ కడగదా?"

"మాది మొజాయిక్ పెద్దమ్మా!"

"ఏదైనా నేలే కదా."

అన్నేళ్ళ శనివారాలు, ఒక్కొక్క శనివారానికి రెండు బకెట్లు. నా కళ్ళ ముందు నీళ్ళు కట్టలు తెంచుకున్నాయి. మళ్ళీ నీళ్ళు బయటికి పోవడానికి మూలలో మేకు కొట్టి తనే ఒక తూటు కూడా చేసుకుంది. షీటు మీద తూటు, దాని కింద షీటు మీద లేదు.

"ఆ తూటులో నుంచి నీళ్ళు యాడికి పోతాండాయి అనుకున్నావు?"

"పోతాండాయి కదా. యాడికి పోతాయో నాకెట్లా తెలుస్తాది?"

నేను కుంటుకుంటా బయటికి వచ్చి, చెప్పు తీసుకుని, రోడ్డు మీద నిలబడి ఎవరి మీదా కాకుండా గట్టిగా అరిచినాను. పక్కింటావిడ తొంగి చూసి లోపలికి పోయింది.

డాడీకి ఈ సంగతి పండగ. "చెప్పినా కదా, నేల లేని బండిని ఏం లాగుతారు" అన్నాడు. ఆయన అట్లా అనడం వల్లే నాకు పట్టుదల వచ్చింది. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. పెద్దమ్మ మా హాల్లోకి వస్తే, తలుపున్న రూము నాది కాబట్టి, నేను హాల్లోకి పోతాను. మమ్మీ ఆ మాట అనలేదు గానీ నా రూము తలుపు వైపు రెండుసార్లు చూసింది. నైట్ షిఫ్ట్ చేసేదాన్ని, పగలు హాల్లో ఎట్లా నిద్రపోతాను?

వెల్డింగాయన్ని పిలిపించినాను. పాత చెక్క మొత్తం పీకేసి, కింద ఇనుప పట్టీలు గట్టివే ఉన్నాయని తట్టి చూసి, పైన గరుకు ఇనుప రేకు వేద్దామన్నాడు. బస్సు మెట్ల మీద ఉంటుందే, అట్లాంటిది. నేను సరే అన్నాను. పెద్దమ్మ సరే అనలేదు.

"ఇనుమేంటికి? కడప బండ పరిపించు పాపా. అప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా ఏమీ కాదు."

"కడప బండా? బండికా?"

వెల్డింగాయన తల గోక్కున్నాడు. "అమ్మా, బండలు పరిస్తే దీన్ని లాగడానికి ట్రాక్టరు చాలదు, రైలింజను కావాల."

"పెద్దమ్మా, ఇది ఇల్లు కాదు. అర్థం చేసుకో. ఇది బండి."

"మీకు బండి," అనింది ఆమె. కోపంగా కాదు, మందు మోతాదు చెప్పినట్టు చెప్పింది. "నాకు ఇల్లు."

దానికి ఏమని అరుస్తాను? ఇనుప రేకే వేయించినాను. ఇంక నీళ్ళు పోయనని మాట తీసుకున్నాను. "సరేలే" అనింది. సరేలే అనే మాటని నమ్మిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

నేల పని అయినాక, ఇంకో శనివారం, చివరికి ట్రాక్టరువాడు వచ్చినాడు. వాళ్ళది హోసకోటె పక్క, తెలుగువాడే, మాట్లాడితే ఆపడు. కొక్కీ సరిపోలేదు, గొలుసు వేసి, పిన్ను కొట్టి ఏదో చేసి తగిలించినాడు. ముందు ట్రాక్టరు, వెనక బండి, దాని వెనక నా స్కూటీ. నా వెనక పెద్దమ్మ ఒళ్ళో బైబిలు సంచీ పెట్టుకుని కూర్చుంది. నా ఫోన్ హెల్మెట్ లోపల చెవి దగ్గర దోపుకున్నాను. అందరికంటే వెనక డాడీ స్కూటర్. సాయం చేయడానికి కాదు, నేను చెప్పినట్టే అయింది అనడానికి.

కె.ఆర్.పురం బ్రిడ్జి దాటి రింగు రోడ్డు పట్టేదాకా అంతా బాగానే ఉండింది. కిటికీ కర్టెన్లు ఊగుతా, బండి ముద్దుగా పోతా ఉంది. పెద్దమ్మ వెనక నుంచి "మెల్లగా పొమ్మను, గట్టు మీద ఉప్పు జాడీ ఉండాది" అంటానే ఉంది. ఉప్పు జాడీ లోపల ఎందుకు పెట్టినావని నేను అడుగుతా ఉన్నాను.

మారతహళ్ళి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టు శబ్దం వచ్చింది. బండి ఎడమ పక్కకి వాలిపోయి, కొంచెం దూరం గీసుకుంటా పోయి ఆగింది. ఎడమ టైరు పక్క మొత్తం చీలిపోయి ముక్కలు రోడ్డు మీద పడినాయి. గీతలు మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి.

శనివారం పొద్దున, ఆఫీసు క్యాబులు, వోల్వో బస్సులు, లారీలు, అన్నీ మా వెనక. అన్నీ హారన్లే. నేను హెల్మెట్ తీసేసి ట్రాక్టరువాని మీద పడినాను. వాడు నన్ను పట్టించుకోకుండా వంగి టైరు ముట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని వాసన చూసుకున్నాడు.

"ఏందక్కా ఇది, జిడ్డు జిడ్డుగా? ఆముదం వాసన వస్తాండాది?"

నేను మెల్లగా పెద్దమ్మ వైపు తిరిగినాను.

"ఎండకి పగిలిపోతాండె పాపా," అనింది. "మడమలు పగిలితే ఆముదం రాయమా? ఆదివారం చర్చి నుంచి వచ్చినాక రాసేదాన్ని. పగుళ్ళన్నీ ఎట్లా పూడిపోయినాయో చూసినావు కదా."

"టైరుకి పెద్దమ్మా! రబ్బరుకి! నూనె తగిలితే రబ్బరు చెడిపోతుంది!"

"అది నర్సింగులో చెప్పలేదు."

ట్రాక్టరువాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "తలంటి ఊరుకున్నారేం అమ్మా, జడ కూడా వేసుండాల్సింది."

"నువ్వు నోర్మూసుకుని స్పేర్ తియ్యి," అన్నాను. బండి కింద ఒక స్పేర్ టైరు బిగించి ఉండింది. అప్పుడు నాకు డౌటొచ్చింది. "పెద్దమ్మా. స్పేర్‌కి రాయలేదు కదా?"

"దానికి మాత్రం రాయకుండా ఉంటానా? పాపం, చీకట్లో పడుండాది."

ఇంతలో ట్రాఫిక్ పోలీసాయన వచ్చినాడు. బండిని ఒక చుట్టు చుట్టి చూసినాడు. టైరు చూసినాడు, కర్టెన్లు చూసినాడు, తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న చీపురు చూసినాడు. "ఏనమ్మా ఇదు? మనేనా, గాడీనా?" అన్నాడు. ఇది ఇల్లా, బండా అని.

"గాడీ సార్," అన్నాను నేను.

"మనే," అనింది పెద్దమ్మ.

ఆయన ఇద్దరినీ చూసి, ఏదైనా సరే, తొందరగా తీయకపోతే క్రేన్ పిలిపించి స్టేషనుకి లాగిస్తానని చెప్పి, ట్రాఫిక్ మళ్ళించడానికి పోయినాడు.

డాడీ స్కూటర్ స్టాండు వేసి వచ్చినాడు. జేబులోంచి ఒక చీటీ తీసినాడు. గుజరీవాని నంబరు. ముందే రాసి పెట్టుకుని వచ్చినాడు!

"ఇంక చాలు వదినా. నలుగురిలో నవ్వులపాలు అయినాము. వాడు వస్తే ఇక్కడి నుంచే ఎత్తుకుని పోతాడు. పాపా, ఫోను ఇట్లియ్యి."

పెద్దమ్మ వాదిస్తుంది అనుకున్నాను. ఆమె పోయి వాలిపోయిన బండి మెట్టు మీద కూర్చుంది. నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి చేతిలో పట్టుకుంది. క్యాబుల్లో నుంచి జనం తొంగి చూస్తున్నారు. తెరుచుకున్న తలుపులో నుంచి ఆమె మంచం, మడత పెట్టిన దుప్పటి అందరికీ కనిపిస్తున్నాయి.

"పాపా," అనింది. "మీ హాల్లో మేకు కొట్టి కర్టెన్ కట్టుకుంటే మీ నాయన ఏమన్నా అంటాడా?"

అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీదో కూడా తెలీదు. టైర్లకి ఆముదం రాసిన మనిషి మీద, చీటీ రాసుకొచ్చిన మనిషి మీద, హారన్ కొట్టే ప్రతివాని మీద.

"కర్టెనూ లేదు, గిర్టెనూ లేదు! నువ్వు నోరెత్తొద్దు!" అన్నాను. డాడీ ఇంకా చెయ్యి చాపుకునే ఉన్నాడు. "నేనియ్యను."

"ఏంది?"

"ఫోను ఇయ్యను. నాకు పనుంది."

టైరు పక్కన సైజు నంబరు రాసి ఉంటుంది. ఆముదం, మట్టి కలిసి గట్టిపడిపోయి కనిపించడం లేదు. నా కొత్త దుపట్టాతో తుడిచి చదివినాను. తర్వాత మొదలుపెట్టినాను. తెలిసిన షాపులు, తెలియని షాపులు, టూ వీలర్ మెకానిక్కు, వానికి తెలిసినవాడు, వాని బామ్మర్ది. అందరిదీ ఒకే మాట. "ఆ సైజు ఇప్పుడు రాదు మేడమ్." ఎందుకు రాదంటే రాదు. అమెరికా వాళ్ళు ఫోన్లో ఎందుకంత కేకలు వేస్తారో ఆరోజు నాకు అర్థమైంది. బ్యాటరీలో ఒక్క గీత మిగిలింది. చివరికి మడివాళలో పాత టైర్లు అమ్మేవాడు ఒకడు, ఆ సైజు లేదు గానీ ఆ రిమ్ముకి పట్టే వ్యాన్ టైర్లు ఉన్నాయన్నాడు.

"ఎన్నేళ్ళవి?" అని అడిగినాను.

"గీతలు సూపర్ ఉన్నాయి మేడమ్."

"గీతలు అడగలేదు! పక్కలు పగిలినాయా లేదా, గోరుతో గీకి చూసి చెప్పు. నూనె రాసినారా?"

"టైరుకి నూనె ఎవరు రాస్తారు మేడమ్?"

"రాసేవాళ్ళున్నారు. చూసి చెప్పు."

చూసి చెప్పినాడు. పక్కలు బాగున్నాయంట, రాత్రే ఒక వ్యాన్ నుంచి విప్పినవంట. నేను డాడీ వైపు తిరిగినాను.

"డాడీ, మడివాళ పో."

"నేనెందుకు పోవాల?"

"నా స్కూటీ మీద టైర్లు పట్టవు కాబట్టి. ఆ చీటీ వెనక అడ్రస్ రాసుకో."

గుజరీవాని నంబరు వెనకే రాసుకున్నాడు. ఏం సణిగినాడో వినపడలేదు గానీ, పోయినాడు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి తిరిగొచ్చేసరికి కాళ్ళ మధ్య ఒక టైరు, వెనక సీటుకి కట్టిన ఇంకొక టైరు, ముఖమంతా నలుపు. అప్పటికి పెద్దమ్మ ఉప్పు జాడీ క్షేమంగా ఉందని చూసి, స్టవ్ వెలిగించి, ఆ వాలిపోయిన గట్టు మీదే టీ పెట్టింది. పోలీసాయనకి కూడా ఒక గ్లాసు. ఆయన తాగి, క్రేన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. డాడీకి గ్లాసు ఇస్తూ "ముఖం కడుక్కో అప్పా" అనింది. ఆయన నవ్వకూడదు అనుకుని, నవ్వి, మళ్ళీ ముఖం కోపంగా పెట్టుకున్నాడు.

పక్కనున్న పంక్చర్ వాన్ని పిలిపించి టైర్లు మార్చినాము, సాయంత్రానికి బండి హెబ్బగోడిలో నిలబడింది. నేను లీవు పెట్టి పడి నిద్రపోయినాను.

తర్వాతి శనివారం చూసి రావడానికి పోయినాను. ముందే చెప్పకుండా పోయినాను, కావాలనే. సైటు మలుపు తిరగంగానే నీళ్ళ శబ్దం. బండి కింద నుంచి ఒక పైపు బయటికి పెట్టి ఉంది, నేను చూడనిది, నేను వేయించనిది. దాంట్లో నుంచి నురగ నురగగా ఫినాయిల్ నీళ్ళు వచ్చి, కరెక్టుగా కొత్త టైరు మీద పడుతున్నాయి. మడివాళ టైరు మీద.

అక్కడే నిలబడి వెల్డింగాయనకి ఫోన్ కొట్టినాను.

"మీ పెద్దమ్మే చెప్పిందే మేడమ్," అన్నాడు. "రేకు కొంచెం వాలుగా వేసి, మూలలో పైపు పెట్టమని. మీకు తెలుసనుకున్నాను. కింద రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టినాను, తుప్పు పట్టదు. స్వల్ప నీళ్ళే కదా అనింది."

స్వల్ప అంట.

"పెద్దమ్మా!" అని అరుస్తా తలుపు దగ్గరికి పోయినాను. "మాటిచ్చినావు! సరేలే అన్నావు! ఆ నీళ్ళన్నీ టైరు మీద పడుతున్నాయి!"

లోపల చీపురు శబ్దం ఆగింది.

"పడనీ. ఎండకి పగలకుండా చల్లగా ఉంటాది. ఆముదం మానేసినా కదా!"

ఏం మాట్లాడతారు ఈ మనిషితో? కోపంలో తలుపు తోసుకుని ఒక కాలు లోపల పెట్టినాను. ఇనుప నేల తడిగా మెరుస్తా ఉంది. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుని, చీపురు పట్టుకుని, నన్ను చూసింది. చూసింది, అంతే.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. తలుపు దగ్గరికి లాగినాను. చెప్పులు విప్పినాను. పైపులో నుంచి చివరి నీళ్ళు బొట్లు బొట్లుగా నా కొత్త టైరు మీద పడుతున్నాయి. చేతిలో ఫోన్ మోగుతా ఉంది, మమ్మీ. ఎత్తలేదు.

తలుపు తట్టినాను.

"ఎవురూ?" అనింది లోపల నుంచి.